మూడో పేజీలో పద్నాలుగు లైన్లు

"అయినా నీ చిట్కాలు ఎవరు చదువుతారే?" అన్నాడు భర్త, మాసిన చొక్కా ఇంకొకటి తెచ్చి ఆమె ముందు పడేస్తూ.

పిచ్చుక గురించి నేనైనా ఏదో ఒకటి రాయాలి అని ఆమె అన్నందుకు అతనిచ్చిన జవాబు అది. ఆ సమయానికి ఆమె బాత్రూములో పీట వేసుకుని అతని చొక్కా కాలరుకు సుద్దముక్క రుద్దుతోంది. సుద్ద జిడ్డును పీల్చేస్తుంది, పది నిమిషాలాగి ఉతికితే కాలరు తెల్లగా వచ్చేస్తుంది. ఈ సంగతి పదిహేనేళ్ల కిందట పత్రికలో రాసింది ఆమే. పదిహేనేళ్లుగా ఆ తెల్లటి కాలరుతో కాలేజీకి వెళ్లి పిల్లలకు చరిత్ర పాఠం చెబుతున్నది అతనే. సుద్దముక్క కూడా అతని జేబులోంచి పడిందే.

పిచ్చుకంటే ఆమె పనిచేసే పత్రికాఫీసులో రిపోర్టరు. ఇరవై నాలుగేళ్ల పిల్ల, గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఊరి చివర గోదాము తగలబడితే చనిపోయింది ముగ్గురేనని ప్రభుత్వం చెప్పింది. పిచ్చుక ఆసుపత్రికి వెళ్లి పందొమ్మిది పేర్లు రాసుకొచ్చింది. ఆ పేర్లు అచ్చు కాలేదు. సోమవారం పొద్దున బస్టాపు దగ్గర పిచ్చుకను కారెక్కించుకుని వెళ్లిపోయారు. స్టేషనులో అడిగితే, అలాంటి పిల్లెవరో మాకు తెలియదన్నారు. ఆ రోజు నుంచీ వాళ్లమ్మ టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆఫీసు బెంచీ మీద కూర్చుంటోంది.

"పేపర్లో ఒక్క ముక్క పడితే చాలమ్మా. మేం తీసుకెళ్లలేదని అప్పుడు బుకాయించలేరు. లేకపోతే నా పిల్ల పుట్టనేలేదంటారు" అంటోంది.

పడాలంటే కత్తెర సారును దాటాలి. సమాచార శాఖ నుంచి వచ్చిన అధికారి ఆయన. రోజూ నాలుగింటికి ఎడిటరు గదిలో ఎడిటరు కుర్చీలోనే కూర్చుని, తనకు నచ్చని వార్తను అడ్డంగా కొట్టేస్తాడు. కొట్టేసిన చోటు ఖాళీగా వదలకూడదని ఉత్తర్వు. ఖాళీ కనిపిస్తే జనం కూపీ లాగుతారట. అందుకని ఎడిటరు స్త్రీల పేజీ చూసే ఆమె టేబులు దగ్గరికి వచ్చి, తల వంచుకుని, "ఎనిమిది లైన్లమ్మా" అంటాడు. ఆమె ఎనిమిది లైన్లలో చీమల్ని ఎలా తరమాలో రాసిస్తుంది. రెండేళ్లుగా ఇదే పని. ఇంట్లోనూ అంతే కదా, అనుకుంటుంది ఆమె. అత్తగారు ఆడబిడ్డను ఎత్తిపొడిస్తే మధ్యలో నవ్వు తెచ్చి పెట్టాలి, భర్త అలిగి లేచిపోతే వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చి కబుర్లు చెప్పాలి. ఎక్కడ ఏది తెగిపోయినా తెగినట్టు కనిపించకుండా కప్పిపెట్టడమే ఆమె వంతు. ఆ వంతుకు జీతమూ లేదు, పేరూ లేదు. చిట్కాల కిందైనా ఏనాడూ ఆమె పేరు వేయలేదు.

"ఉల్లిపాయలు ఎట్లా తరగాలో రాయడం కూడా ఒక ఉద్యోగమేనా?" అని అత్తగారు వచ్చినవాళ్లందరి ముందూ నవ్వేది. ఆ నవ్వు ఇప్పటికీ ఆమెకు మంటే.

బకెట్లో చొక్కా జాడిస్తుండగా ఆమెకు పోయినేటి పాల గొడవ గుర్తొచ్చింది. పేజీ పెట్టేటప్పుడు పాల చిట్కా, బూట్ల చిట్కా కలిసిపోయాయి. పాలు విరక్కుండా ఉండాలంటే సన్నమంట మీద కాచి, ఆ తర్వాత నల్ల పాలిష్ పూసి బ్రష్షుతో బాగా రుద్దాలి అని అచ్చయింది. ఎడిటరు చూడలేదు. కత్తెర సారు ముద్ర వేసి మరీ పంపాడు. భర్త ఆ పేజీనే ముఖానికి అడ్డం పెట్టుకుని గంటసేపు చదివాడు, ఏమీ అనలేదు. కానీ వారం తిరిగేసరికి నలభై మూడు ఉత్తరాలొచ్చాయి. అన్నీ ఆడవాళ్లవే. ఒకామె పాలిష్ ఏ కంపెనీదో కూడా చెప్పమంది.

ఎవరు చదువుతారే అంటే? ఆమె చేతిలో చొక్కా ఆగిపోయింది. ఎవరు చదువుతారో తెలుసు. ఎవరు చదవరో అంతకంటే బాగా తెలుసు.

ఆఫీసుకు పోతూ దారిలో పిచ్చుకను ఎక్కించుకుపోయిన బస్టాపు దగ్గర దిగింది. పండ్లమ్మే ఆమె మొదట తెలియదంది, తర్వాత అటూ ఇటూ చూసి, పండ్ల సంచి కింద దాచిన కాగితం తీసింది. సోమవారం వచ్చిన కారు నంబరు అందులో రాసిపెట్టుకుంది.

నాలుగింటికి ఎడిటరు వచ్చాడు. ధైర్యం చేసి పిచ్చుక కనబడటం లేదని మూడో పేజీలో చిన్న వార్త పెట్టాడట, కత్తెర సారు కొట్టేశాడట. "పద్నాలుగు లైన్లమ్మా" అన్నాడు, కళ్లెత్తకుండా.

ఆమె రాసింది. పైన 'కాలరు మురికి పోవాలంటే' అని పెట్టింది. సుద్దముక్క, పది నిమిషాలు, సబ్బు: నాలుగు లైన్లు. ఐదో లైను నుంచి పిచ్చుక. పూర్తి పేరు, వయసు, వేసుకున్న ఆకుపచ్చ స్వెటరు, సోమవారం ఎనిమిదిన్నర, కారు నంబరు, తెలియదన్న స్టేషను, ఆసుపత్రిలో ఆ పిల్ల లెక్కపెట్టిన పందొమ్మిది మంది. చివరి లైనులో తన పేరు రాసింది. చిట్కా కింద ఆ మూడక్షరాలు రాయడం ఇదే మొదటిసారి.

పేజీలు పెట్టే అమ్మాయి చదివింది. తలెత్తి ఆమెను చూసింది.

"అక్కా, నీ పేరు తీసేయనా? రేపు నీకోసం వస్తారు."

"ఉండనీ. పేరు లేకపోతే నీ మీద పడతారు."

ఆ అమ్మాయి పేజీ తీసి తనే గదిలోకి పట్టుకెళ్లింది. కత్తెర సారు పైనున్న పెద్దక్షరాలు మాత్రం చూసి, "చిట్కాయేగా, కానీ" అంటూ ముద్ర వేశాడు.

మర్నాడు పొద్దున భర్త పేపరు పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. ఆమె పొయ్యి మీద పాలు పెట్టి, రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన, కళ్లజోడు సంచిలో సర్దుకుంది. భయంగానే ఉంది. భయం ఉందని ఆగిపోవాలని మాత్రం అనిపించలేదు.

ఫోను మోగింది. పిచ్చుక వాళ్లమ్మ. వెనక ఒకటే కోలాహలం. "అమ్మా, స్టేషను ముందు ఎంతమంది ఆడవాళ్లో! అందరి చేతిలోనూ మూడో పేజీయే. ఆ ఎస్సై బయటికొచ్చాడమ్మా. తెలియదనలేకపోయాడు. కనుక్కుని చెబుతానంటున్నాడు!"

"అక్కడే ఉండండి. వస్తున్నా" అంది ఆమె. పొయ్యి ఆపి, సంచి భుజాన వేసుకుంది.

భర్త పేపరు మడిచి బల్ల మీద పడేశాడు. "ఇవాళ కూడా ఏమీ లేదు ఇందులో" అని ఆవలించి, అప్పుడు చూశాడు సంచిని. "పొద్దున్నే ఎక్కడికి? పదింటికి నాకు క్లాసుంది, చొక్కా ఉతకలేదు."

ఆమె చెప్పులు వేసుకుంటూ అంది: "ఎలా ఉతకాలో మూడో పేజీలో రాశాను. చివరిదాకా చదవండి."