రెండో తాళంచెవి

నిన్నటి లంచ్‌బాక్సులు కడిగి బోర్లించి స్టవ్ తుడుస్తుంటే అత్తగారు వెనకనుంచి అన్నారు, "ఏమీ కాలేదు కదా అమ్మాయ్, ఇంకా ఎందుకా మొహం?" నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. స్టవ్ మీద పొంగిన పాల మరక గీకుతున్నాను. అది ఎప్పుడో వదిలిపోయింది, నేనింకా గీకుతూనే ఉన్నాను. ఏమీ కాలేదు, నిజమే. చెయ్యి విరగలేదు, తల పగల్లేదు. ఎడమ భుజం దగ్గర చొక్కా చిరిగింది, అంతే. ఆ చొక్కా కూడా ఫ్యాక్టరీవాళ్ళదే.

బల్ల మీద ఫారం ఉంది. ప్రమాదం ఎలా జరిగిందో రాసి మధ్యాహ్నం పన్నెండు లోపల సేఫ్టీ ఆఫీసర్‌కి ఇవ్వాలి. దాన్ని మా ఆయన ముందే పెన్సిల్‌తో నింపేసి, పక్కన పెన్ను కూడా పెట్టి, డ్యూటీకి వెళ్ళారు. నేను పనిచేసే ఫ్యాక్టరీలోనే ఆయన షిఫ్ట్ ఇన్‌ఛార్జ్. "నీకీ రాతకోతలు చేతకావు. రాసిపెట్టాను, దాని మీద పెన్నుతో దిద్దు, చాలు," అన్నారు చెప్పులు వేసుకుంటూ. రోబో ఆగినప్పుడల్లా ఎందుకు ఆగిందో, ఏం చేస్తే కదిలిందో రిజిస్టర్‌లో రాసేది పదకొండేళ్ళుగా నేనే. కింద సంతకం పెట్టి పైకి పంపేది ఆయన. అయినా నాకు రాతకోతలు చేతకావు. సరే.

నా పని రోబో కంట్రోలర్లు చూడటం. రోబో అంటే సినిమాల్లో నడిచే బొమ్మ కాదు, నేలకు బిగించిన పెద్ద ఇనప చెయ్యి. దాని పక్కన బీరువా అంత పెట్టె ఉంటుంది, అదే కంట్రోలర్. చెయ్యి ఎటు తిరగాలో, ఎంత వేగంగా తిరగాలో, ఎక్కడ ఆగాలో అంతా ఆ పెట్టె చెప్పినట్టే. నేను దాని ఫ్యాన్ల దుమ్ము దులుపుతాను, బ్యాటరీలు మారుస్తాను, అలారం మోగించి మొరాయిస్తే జబ్బు ఎక్కడుందో వెతుకుతాను. ఇదంతా ఒకసారి అత్తగారికి ఓపిగ్గా చెప్పాను. ఆవిడ పక్కింటావిడతో, "మా కోడలు అక్కడ మిషన్లు తుడుస్తుంది," అన్నారు. పూర్తిగా అబద్ధమూ కాదు కాబట్టి ఊరుకున్నాను.

మూడు రోజులుగా నాలుగో నంబర్ రోబో గంటకోసారి ఆగిపోతోంది. కరెంటు ఎక్కువ లాగుతోందని కంట్రోలర్ అలారం. ఆయన మనుషులు పెట్టె లోపల ఒక సర్క్యూట్ కార్డు మార్చారు, తర్వాత ఇంకో కార్డు మార్చారు, పెట్టె మొత్తం మార్చేద్దామా అన్నదాకా వచ్చారు. నేను అలారం వచ్చిన ప్రతిసారీ చెయ్యి ఏ భంగిమలో ఉందో రాసుకుంటూ పోయాను. అన్నిసార్లూ పూర్తిగా చాచినప్పుడే. అంటే జబ్బు పెట్టెలో లేదు, చేతిలో ఉంది. మోచేతి వంపు దగ్గర మోటారు కేబుల్ తొడుగు అరిగిపోయి, లోపలి తీగ ఇనుముకు తగులుతోంది. ఆ మాట చెబితే ఆయన అందరి ముందూ, మేం నలుగురం మూడు రోజులుగా తలలు బద్దలు కొట్టుకుంటుంటే మహాతల్లి నీకొక్కదానికే కనబడిందా అని నవ్వారు. మిగతా ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను. నామీద వేసిన జోకులకి అందరికంటే ముందు నేనే నవ్వుతాను, అదేం రోగమో.

కొత్త కేబుల్ వేయాలంటే రోబో చుట్టూ ఉన్న కంచె లోపలికి వెళ్ళాలి. వెళ్ళేముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి మన తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. ఎవరి తాళం వాళ్ళదే, దానిమీద వాళ్ళ ఫొటో ఉంటుంది. లోపలికెళ్ళిన మనిషి బయటికొచ్చి తన చేత్తో తీసేదాకా ఎంత పెద్దవాడొచ్చినా స్విచ్ వేయడానికి లేదు. ఈ ఒక్క మాటే చెప్పీ చెప్పీ సేఫ్టీ ఆఫీసర్‌కి 'తాళాలాయన' అని పేరొచ్చింది. తాళంతో రెండు చెవులొస్తాయి, రెండోది తాళాలాయన ఆఫీసులో ఇచ్చేయాలి. నేను ఇవ్వలేదు. నాకు తాళం ఇచ్చిన రోజు దాన్ని ఇంటికి తెస్తే, "నువ్వెలాగూ పారేసుకుంటావు, ఒకటి నా దగ్గరుండనీ," అని మా ఆయన తన గుత్తికి తగిలించుకున్నారు. బండి చెవి, ఇంటి చెవి, బీరువా చెవి, నా చెవి. తాళాలాయన అడిగితే ఒక్కటే వచ్చిందని చెప్పాను. ఆ ఫ్యాక్టరీలో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

నిన్న తాళం వేశాను. గేటు తీసి లోపలికెళ్ళి, పాత కేబుల్ తీసి, కొత్తది మోచేతి వంపులోంచి దూర్చి, కిందకు తెచ్చి, రోబో దిమ్మ వెనక కూర్చుని చివరి స్క్రూ బిగించాను. అప్పుడు, చెయ్యి కదలబోయే ముందు టక్కున బ్రేకులు వదిలే చప్పుడు. పదకొండేళ్ళుగా వింటున్న చప్పుడు, అయినా లోపల కూర్చుని ఎప్పుడూ వినలేదు. లేవబోయాను. చెయ్యి తిరిగింది. భుజాన్ని రాసుకుంటూ వెళ్ళి నా పక్కనున్న పనిముట్ల పెట్టెను తన్నింది. చెయ్యి దేనికో తగిలిందని పసిగట్టి కంట్రోలర్ దానంతట అదే ఆపేసింది. పావుగంట ముందైతే కేబులే లేదు, కదిలేదే కాదు. నేను బాగుచేశాను కాబట్టే కదిలింది. ఆ ముక్క గుర్తొచ్చినప్పుడైనా ఏడుపో నవ్వో రావాలి. ఏదీ రావడం లేదు. నాకు నిజంగా భయం వేస్తున్నది దానికే.

అందరూ పరిగెత్తుకొచ్చారు. గేటు మూసింది, స్విచ్ వేసింది, స్టార్ట్ నొక్కింది మా ఆయనే. నేను బయటికి రాకముందే, "నువ్వు లోపలున్నావని నాకెలా తెలుస్తుంది? తాళం వేసుకోవద్దూ?" అని కేకలేశారు. నా తాళం అప్పటికే ఆయన జేబులో ఉంది. ఇంటికొచ్చాక తీసి నా చేతిలో పెట్టి, ఎవరికీ కనబడనీకు అన్నారు. తర్వాత మంచంమీద కూర్చుని, చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు.

"తాళం వేయడం మర్చిపోయానని నువ్వు రాస్తే, నిన్ను కంట్రోలర్ల నుంచి తీసి ప్యాకింగ్‌లో వేస్తారు. నేను తీశానని రాస్తే నా ఉద్యోగమే పోతుంది. ఏది తేలికో నువ్వే చెప్పు."

 ప్యాకింగ్ అయితే హాయి, ఇంటికి తొందరగా వచ్చేయొచ్చు, అమ్మకీ సాయంగా ఉంటుంది అని ఆయనే చెప్పుకుంటూ పోయారు. ఈ ప్రపంచంలో నేను పట్టుకుంటే బాగుపడేవి ఆ కంట్రోలర్ పెట్టెలే. అట్టపెట్టెలకు టేపు అంటించడం ఎవరైనా చేస్తారు. 

స్టవ్ అయిపోయింది. ఫారం ముందు కూర్చున్నాను. ఆయన పెన్సిల్ రాత గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది. 'తాళం వేశారా?' 'లేదు, మర్చిపోయాను.' నా పేరు మీద నేను చేసిన తప్పులన్నీ వరసగా, అక్షరదోషం లేకుండా ఉన్నాయి. అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. చెడ్డ మనిషి కాదు, నాకు నీళ్ళు కూడా తెచ్చారు. మొగుడి నోటి దగ్గర కూడు తీసే ఆడదానివి కాదు నువ్వు, నాకు తెలుసు అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "వాడు తెలియక చేశాడమ్మా. తెలిసి తెలిసి ఎవడైనా పెళ్ళాం ఉన్నచోట మిషను వేస్తాడా?" అన్నారు.

ఎవడైనా వేస్తాడా? నిన్నటి నుంచి నేనూ నాతో అదే చెప్పుకుంటున్నాను. మధ్యలో ఒక సంగతి వదిలేసి మరీ చెప్పుకుంటున్నాను. కేబుల్ సగం బిగించాక ఆయన కంచె దగ్గరికొచ్చారు. నేను దిమ్మ వెనకనుంచి తల పైకెత్తాను. ఇంకెంతసేపని అడిగారు. పది నిమిషాలండీ అన్నాను. గడియారం చూసుకుని, "ఐదు చాల్లే," అనేసి వెళ్ళిపోయారు. నేను ఎంత అడిగినా ఆయన దగ్గర సగమే. మా అమ్మ దగ్గర ఆరు రోజులు ఉండొస్తానంటే మూడు చాల్లే. జ్వరమొచ్చి రెండు రోజులు పడుకుంటానంటే ఒకటి చాల్లే. స్నానానికి వెళ్ళి ఇలా గడియ పెట్టుకుంటానో లేదో, బయట గీజర్ స్విచ్ ఆపిన చప్పుడు. నిన్న కూడా అంతే. నన్ను చంపాలని ఆయన అనుకోలేదు. నా గురించి అంతమాత్రం ఆలోచన కూడా చేయలేదు. ఐదు నిమిషాలయ్యాయి, కాబట్టి ఆయన లెక్కలో నేను లోపల లేను. తాళం ఇంకా వేలాడుతుంటే, ఎప్పటిలాగే తీయడం మర్చిపోయి ఉంటుందనుకుని గుత్తి తీశారు.

అత్తగారి చేతిలోంచి చెయ్యి మెల్లగా తీసుకున్నాను. డ్రాయర్‌లో రబ్బరు వెతికి, పెన్సిల్ రాత మొత్తం చెరిపేశాను. కాగితం కొంచెం నలిగింది. ఆవిడ ఏంటమ్మా అది, చెరుపుతున్నావేంటి అంటున్నారు. పెన్ను తీసుకున్నాను. తాళం వేశారా? వేశాను. ఎవరు తీశారు? షిఫ్ట్ ఇన్‌ఛార్జ్. అతనికి చెవి ఎలా వచ్చింది? రెండో చెవి ఆఫీసులో ఇవ్వకుండా నేనే ఇచ్చాను, ఒక్కటే వచ్చిందని అబద్ధం చెప్పాను. దీనికి నా ఉద్యోగమూ పోవచ్చు. పోతే పోనీ అని కాదు, పోతుందేమోనని భయపడుతూనే రాశాను. నిన్నటి నుంచి రాని వణుకు ఇప్పుడొచ్చింది. చివరి ప్రశ్న ఒక్కటే మిగిలింది.

లోపల మనిషి ఉన్న సంగతి అతనికి తెలుసా?

తెలుసు. పది నిమిషాలు అడిగాను. ఐదు ఇచ్చారు.