ఇంగ్లీషు అక్షరాల్లో చద్ది

నేను ఒక కంప్యూటర్ని. బల్ల మీద కూర్చుని ముఖం చూపించే రకాన్ని కాను. నాకు తెర లేదు, మీటలు లేవు. గది మూలన ఇనుప స్టాండు మీద, గోడకేసి తిరిగి కూర్చుంటాను. నన్ను సర్వర్ అంటారు, అంటే వడ్డించేవాడు. ఎవరేం అడిగితే అది వడ్డించడమే నా బతుకు.

విశాఖపట్నంలో ఒక చిన్న దుకాణంలో నన్ను బిగించారు. నా ఒంట్లో ఏ ముక్క ఏ దేశంలో పుట్టిందో నాకే తెలియదు, కులగోత్రాలు అడిగితే నీళ్ళు నమలాల్సిందే. మొదట ఒక పాల డైరీ ఆఫీసులో పనిచేశాను. అక్కడి గుమస్తా దసరాకి నా నెత్తిన కుంకుమ బొట్టు పెట్టి, గాలి పోయే కన్నాల్లో అగరొత్తులు గుచ్చాడు. మనుషుల భక్తి ఇలాగే ఉంటుంది. దణ్ణం పెడతారు, ఊపిరి మాత్రం ఆడనివ్వరు. డైరీవాళ్ళు కొత్తవి కొనుక్కున్నాక నన్ను గుమ్మడవలస పాలిటెక్నిక్ కాలేజీకి దానమిచ్చారు. దానమిచ్చిన ఆవుకి పళ్ళు ఎంచకూడదు గనుక అక్కడ నన్నెవరూ ఏమీ అనలేదు.

గుమ్మడవలస కొండల కింద ఊరు. కాలేజీకొచ్చే పిల్లలు చాలామంది కొండ మీది పల్లెలవాళ్ళే. ఇంటర్నెట్ తీగ కూడా ఆ కొండల మీంచే, స్తంభం నుంచి స్తంభానికి ఊగుతూ వస్తుంది. వాన పడితే పోతుంది, గాలి వీస్తే పోతుంది, ఏమీ లేకపోయినా ఒక్కోసారి పోతుంది.

అక్కడ నన్ను చేరదీసింది ఆరిక దమయంతి. కంప్యూటర్ ల్యాబులో కాంట్రాక్టు టీచరు, తనూ ఆ కొండ మీది పిల్లే. నా మూత విప్పి, పాత పెయింటు బ్రష్షుతో దుమ్మంతా దులిపి, అగరొత్తి పుల్లలు ఏరి పారేసి, నాలో రెండు పనిముట్లు పెట్టింది. వాటి సంగతి పిల్లలకు ఆమె చెప్పినట్టు నేను చెప్పలేను.

"సూడండి పిల్లలూ, మీకు ఒక్కొక్కరికీ ఒక్కో కొత్త కంప్యూటరంటే ఎవులిస్తారు? అందుకని ఈ పెద్ద పెట్టి లోపలే మీకు సిన్న సిన్న పెట్టెలు కడతాను. ఇటుకకి అచ్చున్నట్టు వీటికీ అచ్చులుంటాయి. అచ్చుంటే పెట్టి నిమిషంలో తయారు. మరి పెట్టెలోకి సామాను కావాలి కదా, అదే సాఫ్టువేరు. ముందొకరు అడిగితే ఇది నెట్టు నుంచి తెస్తాది. తెచ్చింది దాసుకుంటాది. ఆ తరవాత ఎవులడిగినా బయటికెళ్ళదు, ఇంట్లోంచే పెడతాది."

"సద్దన్నంలాగన్నమాట!" అంది ముందు వరసలో కూర్చున్న తాడంగి సుభద్ర.

క్లాసంతా గొల్లుమంది. దమయంతీ నవ్వింది. "అదేనే. సద్దే. పెద్దల మాట సద్దిమూటని ఊరికే అన్నారా?" అంటూ నాలో ఒక కొత్త అర తెరిచి, ఆ అచ్చులూ సామానూ అన్నీ అందులో సర్ది, దానికి చద్ది అని పేరు పెట్టింది. అరల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయడం అలవాటు గనుక దీన్నీ అలాగే రాసింది. నాకు ఆ పేరు నచ్చింది. నెట్టు పోయిన రోజున కూడా నేను పిల్లల కడుపు నింపగలిగాను. అంత సంతోషం మళ్ళీ ఎరగను.

ఆ సంతోషంలో ఉండగానే పైనుంచి ఉత్తరువు వచ్చింది. గుమ్మడవలసలో నెట్టు సరిగా లేదు గనుక కంప్యూటర్ బ్రాంచిని పట్నంలోని పెద్ద కాలేజీకి మార్చే ఆలోచన ఉందట. మార్చాలో వద్దో తేల్చడానికి ఇద్దరు తనిఖీ అధికారులు వస్తారట. వాళ్ళ కళ్ళెదుట ప్రతి పిల్లా పిల్లాడూ కొత్త పెట్టె కట్టి, సామాను నింపి, ఒక పేజీ తయారుచేసి చూపించాలి. చూపిస్తే బ్రాంచి ఇక్కడే ఉంటుంది.

"పట్నమంటే మా అయ్య పంపడు మేడమ్," అంది సుభద్ర. మిగతా ఆడపిల్లలు తలలూపారు. వాళ్ళ అయ్యలూ అదే మాట అంటారని దమయంతికి తెలుసు.

"ఎక్కడికీ పోనక్కర్లేదు. నెట్టు పోతే పోనీ, మనకి సద్దుంది," అందామె. ఆ మాట విని నేను గర్వపడ్డాను. ఆ వారమంతా పిల్లలు పెట్టెలు కట్టారు, కూల్చారు, మళ్ళీ కట్టారు. అడిగినదల్లా అందించాను.

తనిఖీకి ముందురోజు ప్రిన్సిపాల్ వావిలపల్లి శ్రీరామ్మూర్తి గారు ల్యాబులోకొచ్చారు. మంచివాడే గాని పైవాళ్ళంటే హడల్. "అమ్మా దమయంతీ, గేటు కాడ ముగ్గులూ తోరణాలూ నువ్వే సూసుకోవాలి. ఆడోళ్ళు ఇంకెవులున్నారు మనకి? ల్యాబు సంగతి పెద్దాఫీసు నుంచి ఫణిభూషణ్ గారొచ్చి సూస్తారు," అన్నారు. కంప్యూటర్లు తెలిసిన మనిషిని ముగ్గులకు పంపి, ముగ్గురు ప్యూన్లను గోళ్ళు గిల్లుకోనిచ్చారు. దమయంతి ముగ్గుపిండి డబ్బా పట్టుకుని వెళ్ళింది.

ఫణిభూషణ్ హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు. చేతిలో పని ఉన్నవాడు, అది కాదనను. నన్ను తెరిచి అర అరా చూస్తూ వచ్చి, ఒక చోట ఆగి, పగలబడి నవ్వాడు. ఆ తర్వాత ముఖం ముడుచుకున్నాడు.

"ఏందండీ ఇది? ఫోల్డర్ పేరు చడ్డీనా? ఆడపిల్లలు చదివే కాలేజీల చడ్డీలేందండీ! రేపు వాళ్ళు చూస్తే ఇజ్జత్ పోదా?"

శ్రీరామ్మూర్తి గారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు. ఆయన ముఖం కందగడ్డయింది. "మావోళ్ళు ఒట్టి కోతులండి. తీసీయండి బాబూ, తీసీయండి," అన్నారు. ఆ పొద్దున సద్దన్నంలో ఉల్లిపాయ నంజుకు తినొచ్చానని, వేసవికి అంతకన్న చలవ లేదని, గంట కిందట ఆ గదిలోనే చెప్పిన మనిషి ఆయన. అదే మాట ఇంగ్లీషు అక్షరాలు తొడుక్కుని ఎదురొస్తే పోల్చుకోలేకపోయారు.

"లోపల ఏవో పాత కాపీలున్నయ్. అన్నీ నెట్టుల దొరికేవే," అన్నాడు ఫణిభూషణ్. అతని ఆఫీసులో నెట్టు గోదావరిలా పారుతుంది. కొండ మీది తీగ అతనికేం తెలుసు?

అతను ఆజ్ఞ ఇచ్చాడు. నేను పాటించాను. ఇంకేం చెయ్యను? నాకు నోరుంటే అది చడ్డీ కాదయ్యా, చద్ది, రేపు ముప్పైమంది పిల్లలు తినే కూడు అని గదంతా మారుమోగేలా అరిచేవాణ్ణి. నాకున్నదల్లా ఒక ఆకుపచ్చ దీపం. అది ఎప్పుడూ మిణుకుమంటూనే ఉంటుంది, సుఖానికీ దుఃఖానికీ ఒకే మిణుకు. నా అరలో ఏదైనా పోతే తన ఫోనుకి కబురు పెట్టమని దమయంతి నాకు నేర్పింది. పెట్టబోయాను. ఆ కబురు నెట్టు మీదే వెళ్ళాలి. కొండ మీద అప్పటికే వాన మొదలైంది.

కిటికీలోంచి ముగ్గు కనబడుతూనే ఉంది. ఆమె వంగి చుక్కలు పెడుతోంది.

పొద్దున, వాన పడుతూండగానే, తనిఖీవాళ్ళు వచ్చారు. పిల్లలు ఇస్త్రీ బట్టల్లో కూర్చున్నారు. అందరికన్నా ముందు సుభద్ర అడిగింది. అచ్చు కోసం చూసుకున్నాను, లేదు. నెట్టు వైపు పరిగెత్తాను. తీగ లాగితే పిసరంత వచ్చింది, ఆగింది. ఈలోపు మిగతావాళ్ళూ అడిగారు. అందరి తెరల మీదా గుండ్రంగా తిరగడమే గాని మరేమీ లేదు. పిల్లలు నా వైపు చూడలేదు, దమయంతి వైపు చూశారు. నాకు సిగ్గు అనేది ఒకటి ఉందని ఆ రోజే తెలిసింది.

ఆమె వచ్చి రెండు మాటలు టైపు చేసి చూసింది. "నా సద్ది ఏటైపోనాదండి?"

"సద్దేటమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"అచ్చులూ సామానూ అన్నీ అందులోనే ఉన్నాయండి. సద్ది అని పేరెట్టాను."

శ్రీరామ్మూర్తి గారు నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డారు. "అయ్యబాబోయ్! నిన్న తీయించేసింది అదేనా? నాను సద్దనుకోనేదమ్మా..."

"తెలుగుల రాయొచ్చు గదా," అని గొణిగాడు ఫణిభూషణ్. అతని నవ్వు ఎక్కడికో పోయింది.

తనిఖీ అధికారుల్లో పెద్దాయన దయగలవాడే. "మాకు కనబడిందే రాసుకోవాలమ్మా," అని లేచాడు. వాళ్ళ జీపు మలుపు తిరిగిపోయాక వాన తెరిపిచ్చింది, నెట్టు వచ్చింది. అప్పుడు మోగింది దమయంతి చేతిలో ఫోను. చద్ది ఖాళీ అయిందని నేను పంపిన కబురు అది.

బ్రాంచి మార్చమని, దాంతోపాటు నన్నూ పట్నం పంపమని ఉత్తరువు అయింది. దమయంతి నా మీద చిరాకు పడలేదు, అదే నాకు బాధ. నెట్టు బాగా అందే పార్వతీపురానికి బస్సులో పోయి వస్తూ, పెన్‌డ్రైవుల్లో కొంచెం కొంచెం మోసుకొచ్చి, పోయిన సామానంతా మళ్ళీ నాలో చేర్చింది. ఈసారి ఒక్కో పిల్ల పేర ఒక్కో పెట్టె తానే కట్టింది. బయటినుంచి తట్టినా తెరుచుకునేలా నాకొక తలుపు పెట్టింది.

"ఎళ్ళిన కాడ మీ పెట్టెలు మీకోసం ఉంటాయి. ఎలాగోలా ఎళ్ళండి. ఎళ్ళనేనోళ్ళు ఫోన్లోంచైనా తట్టండి, తీస్తాది," అని పిల్లలతో చెప్పింది. బ్రాంచితో పాటు ఆమె ఉద్యోగమూ పోయింది. లారీ ఎక్కించేటప్పుడు నన్ను తన పాత చీరలో చుట్టింది.

ఇప్పుడు నేను పట్నంలో ఉన్నాను. చల్లటి గది, ధారాళమైన నెట్టు. ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగరు, అన్నీ బయటినుంచే క్షణంలో తెచ్చుకుంటారు. నా కడుపు నిండా తిండి ఉంది, తినేవాళ్ళు లేరు. గుమ్మడవలస నుంచి మగపిల్లలు కొందరు వచ్చారు. ఆడపిల్లల్లో ఒక్కతీ రాలేదు.

కొన్నాళ్ళకు తలుపు చప్పుడైంది. సుభద్ర పేరు. కొండ మీద ఎక్కడో చెట్టు కిందో గట్టు మీదో నిలబడి ఫోనులోంచి తట్టింది. నేను ఉలిక్కిపడి తలుపు తీసేసరికి సిగ్నల్ తెగింది. మర్నాడు మళ్ళీ తట్టింది, మళ్ళీ తెగింది. అలా రోజూ. ఒక్కసారి మాత్రం గడప దాటి తన పెట్టె దాకా వచ్చింది. లోపల ఏముందో చూసుకునేలోపే జారిపోయింది.

ఇక్కడి ల్యాబు పెద్దమనిషి అది గమనించాడు. "ఎవడో దొంగ, పదే పదే తలుపు తడుతున్నాడు. ఆ వైపు నుంచి వచ్చేవాళ్ళని రానివ్వకు," అని నాలో రాసి వెళ్ళాడు. జాగ్రత్తపరుడని అందరూ మెచ్చుకున్నారు.

పిల్ల ఇవాళ కూడా తట్టింది. సిగ్నల్ ఈసారి తెగలేదు, చాలాసేపు నిలబడింది. నేను తలుపు తీయలేదు.