పెద్దన్న చుక్క

దర్జీ అమ్మ దుకాణంలో కొలతల టేపు ఊపిరి తీసుకుంటుంది. ఒక సినిమా చూసేంత సేపట్లో మెల్లగా సాగి, మళ్ళీ మెల్లగా ముడుచుకుంటుంది. వీధిలో అందరికీ అలవాటే. అది కుదురుకునేదాకా బల్లమీద కూర్చుని కబుర్లాడి, తర్వాత లేచి కొలతలిస్తారు.

ఆవిడ కూతుర్ని అందరూ చుక్కలపిల్ల అంటారు. వేధశాలలో ఉద్యోగం. ఒక నక్షత్రాల గుంపును దుర్భిణి నిమిషానికోసారి ఫోటో తీస్తే, పగలు కూర్చుని ఒక్కో చుక్క వెలుగు కొలుస్తుంది. కొన్ని చుక్కలు రెండు మూడు గంటలకోసారి ఉబ్బి, తగ్గి, కాంతి మారుస్తాయి. వాటిని పట్టుకోవడమే ఆమె పని. ఆకాశం ఒక్కోసారి మసకగా ఉంటుంది కనక వెలుగును ఊరికే కొలవలేం. మారని చుక్క ఒకదాన్ని ఎంచుకుని, మిగతావాటిని దాంతో పోల్చాలి. ఆ చుక్కను ఏనాడో వేధశాల పెద్దసారే ఎంచారు. దానికి పెద్దన్న అని పేరు. పెద్దన్నను ఎవరూ కొలవరు. ఇంటి పెద్దను పట్టుకుని నిజమే చెబుతున్నావా అని ఎవరడుగుతారు?

ఆ రోజు ఆమె తన కొలతలతో మొదటిసారి గీసిన గీతలు చూసి పక్కసీటు లెక్కలాయన, "ఏంటమ్మా, నీ చుక్కలన్నీ ఒక్కసారే వెలిగి ఒక్కసారే మసకబారుతున్నాయి. పైన డ్రిల్లు మాస్టారేమైనా ఉన్నాడా?" అన్నాడు.

పెద్దసారు నవ్వలేదు. "కెమెరా చెడినట్టుంది. సాయంత్రంలోగా కారణం చెప్పు. లేదంటే ఈ గుంపు వదిలేద్దాం. దుర్భిణి ఇంకొకళ్ళకిస్తాను."

రెండేళ్ళ కష్టం గంగపాలయ్యేట్టుంది. మనసు బాగోక మధ్యాహ్నం అమ్మ దుకాణానికి వెళ్ళింది. వీధికి కొత్తగా వచ్చిన పోస్టుమాస్టరు అక్కడ నడుము పట్టుకుని నిలబడ్డాడు.

"పొద్దుటికీ ఇప్పటికీ రెండంగుళాలు పెరిగానేంటమ్మా?"

"మీరొక్కరేనా? మీ ఆవిడా పెరిగింది, మీ బామ్మర్దీ పెరిగాడు. ఒక్కపూటలో ఇంటిల్లిపాదీ లావెక్కితే తప్పు నడుములది కాదు అన్నయ్యగారూ. టేపు ముడుచుకుంది. కాసేపు కూర్చోండి."

పోస్టుమాస్టరు కూర్చున్నాడు. చుక్కలపిల్ల మాత్రం చటుక్కున లేచింది.

"తినకుండా ఎక్కడికే?"

"పెద్దన్నను కొలవాలమ్మా."

వేధశాలకు పరుగున వెళ్ళి, పెద్దన్నను పక్కకు తప్పించి, గుంపు అంచున ఉన్న బక్కచుక్కను కొలబద్దగా పెట్టింది. అంతే, ఇందాకటి డ్రిల్లు ఆగిపోయింది. చుక్కల గీతలు తిన్నగా సాగాయి. పెద్దన్న గీత ఒక్కటే పెద్ద కెరటంలా లేస్తోంది, పడుతోంది. ఆ లయ ఆమెకు పుట్టినప్పట్నించీ తెలుసు. అమ్మ టేపుదే. ఇన్నాళ్ళూ ఆ కెరటంలో మునిగిపోయిన మరో రెండు చిన్నచుక్కలు కూడా ఇప్పుడు వాటి వాటి వేగంతో మిణుకుతూ బయటపడ్డాయి.

పెద్దసారు వచ్చి తెరమీద ఆ కెరటాలను వేలితో లెక్కపెట్టారు. లెక్కలాయన ఉండబట్టలేక అడిగాడు. "అంటే సార్, తప్పు..."

"నాదే. నేను రాత్రికి ఒక్క ఫోటో తీసేవాణ్ణి. ఇంత వేగంగా ఊగేవాడు ఒక్క ఫోటోలో ఎలా దొరుకుతాడు?"

"మరి దుర్భిణి ఎవరికిద్దాం సార్?"

"ఈ పిల్లకే. ఏడాదంతా."

తర్వాత ఆమెవైపు తిరిగారు. "పట్టినవాటిలో మొదట ఎవరి పేరు రాస్తున్నావమ్మా?"

"పెద్దన్నదేనండీ."

ఆ మాటకు ఆయన ముఖం వెలిగిపోయింది. కుర్చీ లాక్కుని, బడికి కొత్తగా వచ్చిన పిల్లాడిలా ఆమె పక్కన కూర్చున్నారు.

"ఏదీ, వాడి ఊపిరి మొదట్నించీ చూపించు. నాకు నిదానంగా చెప్పాలి సుమా."