పెదాలు కదిలినంతసేపు

స్నానాలగది గోడ రుద్దుతూ రుద్దుతూ ఆమె కిటికీ గట్టు మీది సీసా అందుకుంది. గాయాలు కడిగే మందు. మొన్ననే కొన్నది, అప్పుడే అడుగంటింది. ఇంట్లో ఎవరికీ ముల్లయినా గుచ్చుకోలేదే, ఇంత మందు ఏమైనట్టు? గోడ సగంలో వదిలేసి బయటికొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియక మళ్ళీ లోపలికెళ్ళింది. మనసు ఒకచోట నిలవలేదు, సీసా చేతిలోంచి దిగలేదు. హాల్లో కూతురు కుర్చీ అంచున కూర్చుని ఉంది. కూర్చున్నట్టూ కాదు, లేచినట్టూ కాదు. ఆ పిల్లని ఇంట్లో పిలిచేదే పిచ్చుక అని, అందుకే కొన్నాళ్ళుగా అలా అంచుల మీద వాలుతున్నా ఎవరికీ వింతగా తోచలేదు.

అంతలో టీవీలో నెలసరి ప్రకటన వచ్చింది. ఆమె భర్త దగ్గాడు.

ఆ దగ్గుకీ జలుబుకీ సంబంధం లేదు. తెర మీద ఆడా మగా చెయ్యి పట్టుకుంటే చిన్న దగ్గు, దగ్గరికి జరిగితే పెద్ద దగ్గు, నెలసరి ప్రకటనకి మధ్యరకం దగ్గు. అది వినపడగానే మంచినీళ్ళకని వంటింట్లోకి లేచిపోవడం పిచ్చుకకి పాలపళ్ళ నాటి అలవాటు. ఆ ఇంట్లో దాహానికి తాగిన నీళ్ళకంటే ప్రకటనలకి తాగిన నీళ్ళే ఎక్కువ. ఒకసారి రిమోటు పోతే వారం రోజులూ ఆ దగ్గుకే ఛానెల్ మారిందని, పక్కవాటా పిల్లి కూడా సిగ్గుపడి తల తిప్పుకునేదని చెప్పుకుంటారు. పిల్లి సంగతి మాత్రం నిజం.

ఈసారి పిచ్చుక లేచి రెండడుగులు వేసి, పళ్ళు బిగించి నిలబడిపోయింది. ఆమె కూతుర్ని గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది.

"ఆ మందు నువ్వే వాడావా?"

"ఊఁ."

"దెబ్బ తగిలిందా?"

"లేదు. మంట."

"ఎక్కడే?"

"అక్కడ."

"అక్కడంటే?"

పిచ్చుక తల్లి మొహంలోకి చూసింది. "నువ్వూ అక్కడ అనేగా అంటావు."

మెల్లగా మెల్లగా సంగతి బయటికొచ్చింది. ఫోన్లో చూసిన వీడియోలో ఒక అక్క చెప్పిందట, ఏ దేశపు అక్కో తెలియదు, తళతళలాడే స్నానాలగదిలో నిలబడి మాట్లాడుతుందట. అక్కడ వాసనుంటే మురికి మనిషట, రోజూ గట్టిగా కడుక్కోవాలట. ఆ అక్క చూపించిన సీసా వీళ్ళింట్లో లేదు. ఉన్న సీసాతో కడుక్కుంది. మంట పుడితే ఇంకా మురికి పోలేదేమోనని మళ్ళీ కడుక్కుంది.

"బళ్ళో చెప్పలేదుటే?"

"నువ్వు గొంతిచ్చిన బొమ్మల సినిమా వేశారుగా అమ్మా. అందులో అమ్మ గొంతు మా అమ్మదేనని అందరికీ చెప్పుకున్నా. టీచరు సౌండు తీసేసింది. బొమ్మలు చూసి అర్థం చేసుకోండి అంది." మళ్ళీ తనే అడిగింది. "అందులో నువ్వేం చెప్పావమ్మా?"

ఆమె సీసా మూత బిగించింది, మళ్ళీ విప్పింది.

గొంతే ఆమె జీవనం. సబ్బుల ప్రకటనల్లో, సీరియళ్ళలో, పాఠాల బొమ్మల్లో తల్లులందరికీ ఆమే మాట. "నీకేంలే, నోరు కదిపితే జీతం" అంటాడు భర్త, తువ్వాలు ఎక్కడుందో ఆమెనే అడుగుతూ. ఎదిగే పిల్లల కోసం తీసిన ఆ బొమ్మల సినిమా చాలా దేశాలు తిరిగింది. బొమ్మలు అవే, గొంతులే వేరు. స్టూడియోలో ఇంజనీరు ఆ గొంతులన్నీ వినిపించాడు. ఒక దేశపు తల్లి మోచెయ్యి, మోకాలు అన్నంత మామూలుగా ఆ మాట అనేసింది. ఇంకో దేశపు తల్లి అని, నవ్వింది. మరో దేశంవాళ్ళు తల్లినే తీసేసి అక్కడ పువ్వు పూయించారు.

"మనవాళ్ళింకా అంతదూరం రాలేదు మేడం. మాట వద్దు, భావం చాలు" అన్నాడు సూపర్‌వైజరు.

వాక్యాలు కోసేశాక తెర మీద తల్లి పెదాలు కదులుతూనే ఉన్నాయి, ఆమె చేతిలో మాటలు అయిపోయాయి. "కాస్త లాగండి మేడం" అన్నాడు ఇంజనీరు. లాగింది. "అదేనమ్మా... అంటే... అక్కడ... శుభ్రంగా..." బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. తనూ మురిసిపోయింది. ఇప్పుడా మురిపెం తలుచుకుంటే ఒళ్ళంతా దురద పెడుతున్నట్టుంది.

కూతుర్ని తీసుకెళితే డాక్టరమ్మ దగ్గర కూడా అదే వరస. మంటెక్కడ అని అడిగితే తల్లీ కూతురూ ఒక్క గొంతుతో "అక్కడ" అన్నారు.

"నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళందరికీ అక్కడే. ఒకామెకి అక్కడంటే మోకాలు, ఒకామెకి రొమ్ము. చెబితే కదమ్మా మందు రాసేది" అని డాక్టరమ్మ చూసి, మందు రాసి, పిల్లకి నెమ్మదిగా చెప్పింది. తర్వాత తల్లి వైపు తిరిగింది. "మీరేం చేస్తుంటారు?"

"మాట్లాడే పని" అంది ఆమె, నేల చూపులు చూస్తూ.

సాయంత్రం అందరూ హాల్లోనే ఉన్నారు. భర్త టీవీ ముందు, అత్తగారు చేటలో గింజలు ఏరుతూ. పిచ్చుక దిండు వేసుకుని కుదురుగానే కూర్చుంది. ఆమె వంటింట్లోకీ హాల్లోకీ ఊరికే తిరిగింది. పొయ్యి కట్టేసిందో లేదో ముమ్మారు చూసొచ్చింది. ఆఖరికి భర్త చేతిలోంచి రిమోటు తీసుకుని, తన ఫోన్లోని బొమ్మల సినిమా టీవీలో పెట్టి, శబ్దం పూర్తిగా తీసేసింది.

తెర మీద తల్లి కూతురి పక్కన కూర్చుని పెదాలు విప్పింది. ఇటు ఆమె పిచ్చుక పక్కన కూర్చుని మాట కలిపింది.

"నీ ఒంట్లో యోని ఉందమ్మా. దాని పేరదే. లోపల అది తనని తానే శుభ్రం చేసుకుంటుంది, మందులూ సబ్బులూ అక్కర్లేదు. బయట మామూలు నీళ్ళు చాలు. కొద్దిగా వాసన ఉంటుంది. అది మురికి కాదు. మంటగా ఉంటే, నొప్పిగా ఉంటే, పేరు పెట్టి నాకు చెప్పు."

పెదాలు ఆగిన చోటే మాటా ఆగింది. ఒక్క అక్షరం లాగాల్సిన పని పడలేదు.

భర్త దగ్గాడు. చిన్నదీ కాదు, మధ్యరకమూ కాదు, గోడ మీది గడియారం ఒక క్షణం తడబడిందంటే నమ్మాలి. పిచ్చుక అలవాటుగా మంచినీళ్ళకి లేవబోయింది. ఆమె చెయ్యి పట్టుకుంది.

"కూర్చో. దాహం వేసింది మీ నాన్నకి. ఆయనే తెచ్చుకుంటారు."

భర్త తన తల్లి వైపు చూశాడు, నువ్వయినా చెప్పమన్నట్టు. "మాకెవరు చెప్పారు, మేం పిల్లల్ని కనలేదా" అని దబాయించే మనిషి ఆవిడ. చేట పక్కన పెట్టి, కొడుకు వైపు తిరిగింది.

"దగ్గాపరా. నలుగుర్ని కన్నాను గానీ ఈ మాట ఇప్పుడే వింటున్నా" అంది. కోడలి వైపు జరిగింది. "మొదట్నుంచీ చెప్పవే. కాస్త గట్టిగా."

ఆమె సినిమాని వెనక్కి తిప్పింది.