మునసబు గారి కొత్త బావి

యుద్ధం రోజులు. తిండి గింజలు పెంచండని, బావి తవ్వుకున్న రైతుకు సగం ఖర్చు సర్కారు ఇస్తానంది. గురజాల దగ్గర మా ఊళ్లో ఆ డబ్బు మునసబు చెన్నకేశవరావు తన పేరే రాసుకుని తీసుకున్నాడు. పొద్దున వచ్చిన సాయం సాయంకాలానికల్లా మాయం. పేరుకు మునసబే గాని, చేసిన పని ఒక్కటీ సబబు కాదు.

నిజంగా బావి తవ్వుతున్నది బసవమ్మ, మొగుడు పోయిన మనిషి. మడమ తడిసేంత నీరు పడి, కింద రాయి తగిలింది. దాన్ని పేల్చే మందుకు డబ్బు లేదు. త్వరగా నీళ్లు అందకపోతే జొన్నచేను ఎండిపోతుంది. ఆమె అర్జీని మునసబు అటకెక్కించాడు.

అంతలో పైనుంచి హుకుం వచ్చింది: డబ్బు దండుకున్నవాళ్ల పేర్లు దండోరా వేయించాలి, ఇనస్పెక్టరు వచ్చి బావులు చూస్తాడు.

"ఒరేయ్ జక్కయ్యా, మిట్టమధ్యాహ్నం చేల గట్టున కొట్టు. ఊళ్లో కొట్టావంటే ఆ తప్పెట నీ వీపు మీద మోగిద్ది," అన్నాడు మునసబు, ఊరి దండోరా వేసేవాడితో.

జక్కయ్య చేల గట్టునే కొట్టాడు. "చెన్నకేశవరావు గారి చేలో కొత్త బావికి సర్కారు సాయమహో!"

పక్క చేలో, బావి అడుగున మట్టి ఎత్తుతున్న బసవమ్మ చెవిన ఆ మాట పడింది. పైకొచ్చి నేరుగా ఊళ్లోకి నడిచింది.

మా ఊళ్లో కొత్త బావిలో నీరు పడితే ఇంటికో కడవ తీసుకెళ్లడం ఆచారం. బావిగలాయన స్వయంగా దిగి తొలి కడవ అందిస్తేనే తక్కినవాళ్లు తోడుకుంటారు. ఇనస్పెక్టరు రామబ్రహ్మం వచ్చిన పొద్దుటే ఆడవాళ్లంతా పసుపు రాసిన కడవలతో మునసబు గుమ్మం ముందు నిలబడ్డారు.

"ఏంది ఈ సంత?"

"మీ బావి నీళ్లకు, మామయ్యా," అంది బసవమ్మ.

"నిన్నెవరు పిలిచారే?"

"మీ తప్పెటే పిలిచింది."

"పదండి, నేనూ చూడాలి," అన్నాడు ఇనస్పెక్టరు.

మునసబు చేలో తొండ బొరియ తప్ప గొయ్యన్నది లేదు. ఆయన చెమట తుడుచుకుని, గట్టు దాటి, బసవమ్మ బావి చూపించి "ఇదే" అన్నాడు. బావి లేనివాడికి భావి మీద బెంగ మరి.

ఆడవాళ్లు అరవబోయారు. బసవమ్మ చేయెత్తి ఆపింది.

"మీదేగా, మామయ్యా. దిగి తొలి కడవ అందియ్యండి."

ఇనస్పెక్టరు చూస్తున్నాడు. మునసబు పంచె ఎగ్గట్టి, మోకు పట్టుకుని దిగాడు. కాలు అడుగున ఆనగానే బసవమ్మ మోకు పైకి లాగేసింది.

"ఏమే! మోకు వెయ్యి! నీ అంతు తేలుస్తా!"

"సొంత బావిలో ఉండటానికి మోకెందుకు? చానా చల్లగా ఉంటది, కూర్చోండి."

ఎండ నెత్తికెక్కింది, బావిలోకీ దిగింది. ఒక్క ఆడమనిషీ కదల్లేదు.

"ఇది నా బావి కాదు!" లోపల్నుంచి కేక. "బసవమ్మది!"

ఇనస్పెక్టరు వంగాడు. "మరి మీదెక్కడ?"

"లేదు! తవ్వలేదు!"

"నా అర్జీ ఏది?" అంది బసవమ్మ.

"మా ఇంట్లో, అటక మీద!"

"ఆ డబ్బు ఈయన చేత కక్కిస్తాను. అర్జీ ఇవాళే నా చేతికి రావాలి," అన్నాడు ఇనస్పెక్టరు.

బసవమ్మ మోకు వెయ్యలేదు. "జక్కయ్యా, ఇప్పుడిన్నదంతా ఊళ్లో చెప్పు. ఈసారి నడిబజార్లో."

తప్పెటను మంట మీద కాచే పని లేకపోయింది. ఎండకే బిగిసి ఉంది. నడిబజారు నుంచి దాని మోత చేల దాకా వినబడ్డాకే మోకు కిందికి జారింది.