ఎర్ర సిరాకు వదిలిన చోటు

ప్రెస్సు మేనేజరు ఫోన్ చేసేసరికి అమ్మాయిగారు ఫ్యాక్టరీ పై అంతస్తులో బాబాయి ఎదురుగా కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది, కంపెనీకి చైర్మన్ అయి నాలుగైదేళ్ళు దాటింది. అయినా ఆ తాళాల ఫ్యాక్టరీలో గేటు కాపలా ఆయన మొదలుకొని అందరికీ ఆమె ఇంకా అమ్మాయిగారే. వాళ్ళ నాన్న చంకనేసుకుని షెడ్లన్నీ తిప్పిన రోజుల్లో పడిన పేరు అది. చేతికంటిన గ్రీజులా వదల్లేదు.

“అమ్మగారూ, వార్షిక నివేదిక నల్ల సిరా పనంతా అయిపోయిందండీ. ఎర్ర సిరాకే ఆగాం. గడిలోకి జవాబు పంపించేస్తే ఈ పూటే కొట్టేస్తాం.”

ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. “గడి ఏమిటి? నేను పంపిన ఉత్తరంలో గడి లేదుగా!”

“లేదండీ. మర్చిపోయారనుకున్నా. ఏటా ఉండేదేగా అని నిరుటి ఉత్తరం తీసి, అందులో మాట నేనే పెట్టేశా.” ఆయన గొంతులో మెచ్చుకుంటారేమోనన్న ఆశ కూడా వినిపించింది.

వాటాదారులకు ఏటా రాసే ఉత్తరంలో, మొదటి పేజీ పైన, అగ్గిపెట్టె అంత గడి ఒకటి ఉండేది. వాళ్ళ నాన్న పెట్టిన ఆనవాయితీ. గడిలో పైన నల్ల సిరాతో, నిరుడు వాటాదారులకిచ్చిన మాట ఉన్నదున్నట్టుగా. కింద ఎర్ర సిరాతో, ఆ మాట ఏమైందో. ఫ్యాక్టరీ ముఖం చూడనివాళ్ళు కూడా ఆ గడిని చూసి వాటాలు కొన్నారు, ధర పడినప్పుడూ అమ్మకుండా పట్టుకుని కూర్చున్నారు. మిగతా కంపెనీల ఉత్తరాలు పెళ్ళి పొగడ్తల్లా ఉంటాయనీ, ఈ ఒక్కటి మనిషి మాట్లాడినట్టుంటుందనీ అనేవాళ్ళు.

నిరుడు ఆమె తన చేత్తో రాసిన మాట ఇది: “ఇత్తడి తాళాల షెడ్డు మూయం. అందులో ఎవరినీ ఇంటికి పంపం.”

మూసింది. పంపింది కూడా. పెద్ద దుకాణాలవాళ్ళు తలుపు తాళాలకు ఆర్డరిస్తామంటే నమ్మి, ఇత్తడి షెడ్డులోని యంత్రాలన్నీ ఆ పనికి మళ్ళించింది. తొందరపడొద్దని షెడ్డు మేస్త్రి అన్నాడు, బాబాయి అన్నాడు. వినలేదు. దుకాణాలవాళ్ళు చివర్లో మొండిచెయ్యి చూపారు. రెంటికీ చెడ్డ రేవడి అయింది వ్యవహారం.

“ఏమంటాడు?” అన్నాడు బాబాయి.

చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“చింపించెయ్. మళ్ళీ కొట్టమను.”

“బాబాయ్...”

“చూడు అమ్మడూ. వచ్చే సమావేశంలో నిన్ను ఈ కుర్చీలో ఉంచాలా వద్దా అని ఓటు. అవతల పోటీవాడు మన వాటాలు ఎవరమ్ముతారా అని గోతికాడ నక్కలా కూర్చున్నాడు. ఇప్పుడు నువ్వు ఒంటి మీద పుండు తెరిచి చూపిస్తావా?”

“అందుకేగా గడి తీసేసి పంపాను!”

“ఆ తెలివి చాలదు. అచ్చులో కూడా లేకుండా చూసుకో. అది కనపడిందా, ఓటుకి నా చెయ్యి లేవదు. మీ నాన్న తమ్ముణ్ణి, చెప్పానంటే చెప్పినట్టే.”

కుటుంబంలో ఆమె తర్వాత ఎక్కువ వాటాలు ఆయనవే. ఆ చెయ్యి లేవకపోతే ఏమవుతుందో ఆమెకు లెక్క వేసి చూపించక్కర్లేదు.

ఇద్దరూ ఒకే కారులో ప్రెస్సుకి వెళ్ళారు.

ప్రెస్సులో సిరా వాసన, కిరసనాయిలు వాసన. బల్లల మీద నివేదిక మొదటి పేజీ కట్టలు నడుమెత్తు లేచి ఉన్నాయి. ప్రెస్సు మేనేజరు ఒక కాగితం తీసి గాలికి ఆడించి ఆమె చేతికిచ్చాడు. తన మాట తనకే ఎదురుపడింది. మూయం. పంపం. దాని కింద తెల్లటి ఖాళీ.

“మళ్ళీ కొట్టాలంటే ఎంతసేపు?” అంది.

ఆయన ముఖం వాడిపోయింది. “తప్పు నాదేనండీ, అడగాల్సింది. కొట్టమంటే కొడతాం. రేపు టపాలో పడేలా చూస్తా.”

“విన్నావుగా. దారుంది,” అన్నాడు బాబాయి.

దారుంది. అదే ఆమెకు కష్టమైంది. లేకపోతే గతిలేక చేశానని చెప్పుకునేది.

కాగితం కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి నిలబడింది. ఎవరో ఒకరు నిరుటి ఉత్తరం తీసి పక్కన పెట్టుకుంటారు. గడి ఏదని వెతుకుతారు. లేని గడి ఉన్న గడికన్నా గట్టిగా అరుస్తుంది. పోనీ, మెత్తగా ఏదైనా రాస్తే? పెన్ను తీసి ఒక చిత్తు కాగితం మీద రాసింది. “మార్కెట్లో ఊహించని మార్పుల కారణంగా, ఇత్తడి విభాగం కార్యకలాపాలను తాత్కాలికంగా పునర్వ్యవస్థీకరించి...”

ప్రెస్సు మేనేజరు స్కేలు పెట్టి చూశాడు. “పట్టదండీ.”

కొంత కొట్టేసింది. “మార్కెట్ మార్పుల వల్ల షెడ్డును తాత్కాలికంగా...”

“ఇదీ పట్టదు. అక్షరం చిన్నది చెయ్యమంటే చేస్తాగానీ, చీమల బారులా ఉంటుంది.”

“నాన్న ఇంత చిన్న గడి ఎందుకు పెట్టించారండీ?”

“అప్పట్లో ఈ ప్రెస్సు చూసుకున్న మా నాన్నగారు అడిగారట. పెద్దదైతే సాకులు పడతాయి, వద్దులే అని మీ నాన్నగారు అన్నారట.”

బాబాయి చిరాగ్గా దగ్గాడు. “అన్నయ్య చెప్పి పోయాడు. ఓట్లు అడుక్కునేది మనం.”

ఆమె మూడోసారి రాసింది. స్కేలు అక్కర్లేకపోయింది. ప్రెస్సు మేనేజరు దాన్ని చదివి, ఒకసారి బాబాయివైపు చూసి, లోపలికి తీసుకెళ్ళాడు. బాబాయి కారెక్కలేదు. ఆటో పిలిపించుకుని వెళ్ళిపోయాడు.

సమావేశం రోజున హాలు నిండిపోయింది. తలుపు దగ్గర కొందరు నిలబడ్డారు. నివేదికలు తెరిచిన చప్పుడు వేదిక మీదికి వినిపిస్తోంది. అందరూ ఒకే పేజీ తెరుస్తున్నారు. లాభనష్టాల పట్టికలు ఎవరికీ పట్టలేదు. ఎర్ర అక్షరాలు అంత దూరం నుంచి కూడా ఆమెకు కనిపిస్తున్నట్టే ఉంది.

“మూశాం. పంపాం. వద్దన్నవాళ్ళ మాట వినలేదు. తప్పు నాది.”

బాబాయి ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎవరో వెనకనుంచి, “తప్పంటే సరిపోయిందా? పోయినవాళ్ళ పొయ్యి వెలుగుతుందా?” అన్నారు. ఇంకెవరో, “చెప్పిందిగా, ఉండనివ్వండి!” అన్నారు. గొడవ రాజుకునేలా ఉంది.

అప్పుడు భూతద్దం తాత లేచాడు. రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఏటా వచ్చి, భూతద్దంతో నివేదిక అట్ట నుంచి అట్టదాకా చదివి, ప్రశ్న అడగందే పోడు. ఆయన లేస్తే సమోసాలు చల్లారిపోతాయని గుమాస్తాల్లో సామెత. హాలు సద్దుమణిగింది.

“అమ్మాయిగారూ, గడి చూశాను. బాగుంది. నాకు కావలసింది అది కాదు.” భూతద్దం ఉత్తరం చివరికి జరిపాడు. “ఈ ఏటి మాట ఏది?”

ఆమె తన ముందున్న నివేదికలో ఉత్తరం చివరి పేజీ తిప్పింది.

“ఉత్తరం మొత్తం రెండుసార్లు వెతికాను. వచ్చే ఏడు గడిలో పైన పెట్టడానికి మాటేమీ లేదు. తప్పు ఒప్పుకున్నారు సరే. మళ్ళీ దొరక్కూడదని మాటే ఇవ్వడం మానేశారా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ముఖం వేడెక్కింది. నిజమే. ఎర్ర అక్షరాలు రాసిన ధైర్యమంతా అక్కడే ఖర్చయిపోయింది. ఆ తర్వాత పిల్లిలా పక్కకి తప్పుకుంది. అది తనకు కూడా తెలియకుండా జరిగిందని అనుకోవడానికి లేదు.

మైకు దగ్గరకు జరుపుకుంది. “పరిస్థితులు అనుకూలిస్తే, షెడ్డు విషయం వీలైనంత త్వరలో...”

“పరిస్థితుల్ని పక్కన పెట్టండమ్మా,” అన్నాడు తాత. “గడి చిన్నది.”

ఈసారి హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఎటు తిరుగుతుందో తెలియక ఆమె నీళ్ళ గ్లాసు పట్టుకుంది, తాగలేదు. షెడ్డు తెరుస్తానంటే మళ్ళీ నిరుటి కథే. చేయగలిగింది ఏది? ఎదురుగా బాబాయి చూస్తున్నాడు. జాలి లేదు, కోపమూ లేదు. వింటున్నాడంతే.

“పంపినవాళ్ళందరినీ తిరిగి పిలిచేదాకా,” అంది, “ఫ్యాక్టరీలోకి కొత్త మనిషిని తీసుకోం. నన్ను అడిగిన నా బంధువునైనా సరే.”

“బంధువుల సంగతి వద్దు, పట్టదు. మొదటి ముక్క మళ్ళీ అనండి, రాసుకోవాలి.”

మళ్ళీ అంది. తాత నివేదిక అంచున రాసుకున్నాడు. ఆయన పక్కవాళ్ళు రాసుకున్నారు. వరుస వరుసా తలలు వంగాయి.

ఓటింగులో చేతులు లేవడం మొదలైంది. వెనక వరుసల్లో ముందు, తర్వాత మధ్యలో. కొన్ని సగం లేచి ఆగాయి. ప్రశ్న అడిగిన తాత చెయ్యి లేచింది, భూతద్దంతో సహా. ముందు వరుసలో బాబాయి చేతులు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. వాటాల లెక్క తేల్చడానికి గుమాస్తాలు పక్క గదిలోకి వెళ్ళి, ఎంతకీ రాలేదు. వచ్చాక కాగితం ఆమె ముందు పెట్టారు. గట్టెక్కింది. అంచు మీద కాలు పెట్టి, పడకుండా.

హాలు ఖాళీ అయ్యాక మెట్ల దగ్గర బాబాయి చేతికర్ర కోసం వెతుక్కుంటున్నాడు. ఆమె తీసి ఇచ్చింది.

“నీ చెయ్యి లేవలేదు బాబాయ్.”

“లేవదని చెప్పానుగా.” కర్ర నేలకు ఆనించి, ఒక మెట్టు దిగి, వెనక్కి తిరిగాడు. “ఈ ఏడాది మనింట్లో అన్న మాట నిలబెట్టుకున్నది నేనొక్కణ్ణే అమ్మడూ. వచ్చే ఏడు చూస్తాను.”

మరో చెయ్యి ఆమె భుజం మీద వేసి, మిగతా మెట్లు దిగాడు.