సున్నం రాలేవరకు

గంజి వాసన.

తెల్లవారుతుండగా పాత స్టేషన్ వైపు నుంచి వస్తుంది. పులిసీ పులియని వాసన. నా కాఫీ డికాక్షన్ దాని మీద ఏనాడూ గెలవలేదు.

వంటింటి కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం. ఈ కొన నుంచి ఆ కొనదాకా తడి దారాలు. స్తంభానికీ స్తంభానికీ మధ్య లాగి కట్టిన పడుగు. దాని పక్కన కుంచె పట్టుకుని గంజి పట్టిస్తూ నడిచే వనజాక్షి. ముందుకు... వెనక్కు... ముందుకు...

రైలు రాదు. పట్టాలు వెడల్పు చేసినప్పుడు స్టేషన్ అవతలి పక్కకు మారిపోయింది. చెన్నై బండ్లు అటునుంచే కూత వేసి పోతాయి — బజారులో పాత చుట్టం కనబడితే తల తిప్పుకున్నట్టు.

ఇది మిగిలింది. రాతి గోడలు. పెంకుల కప్పు. కప్పు కింద నీడ.

ఊళ్లో చేతిమగ్గాలకు మిగిలిన నీడ ఇదొక్కటే. ఒకప్పుడు పడుగు సాచిన వీధుల్లో ఇప్పుడు కార్లు నిలబడతాయి. మండుటెండలో ఆరితే దారం పెళుసై పుటుక్కున తెగుతుంది.

ఈ స్టేషన్‌ను ఏం చెయ్యాలి?

వేసవి మొదలైనప్పటి నుంచి ఇదే చర్చ.

దేవరాజులు పడగొట్టాలంటాడు. కాంట్రాక్టరు. ఖాళీ స్థలం చూస్తే చాలు, ఆయన కంటికి షట్టర్లు కనబడతాయి. మా ఆయన గిరిప్రసాద్ నిలబెట్టాలంటాడు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టరు. దీన్ని వారసత్వ కట్టడమని ప్రభుత్వం చేత అనిపించాలని పట్టుదల. ఇంట్లో పాతబడినవేవీ ఆయన కంట పడవు గానీ, స్టేషన్ పడింది.

ప్రతి ఆదివారం మీటింగు. పాత వెయిటింగ్ రూములో.

వాళ్లు మాట్లాడతారు. నేను మజ్జిగ తెస్తాను.

వాళ్లు మాట్లాడతారు. నేను గ్లాసులు కడుగుతాను.

చూసి పోవడానికి అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. మా ఊరికి పెద్దమనిషి వస్తున్నాడంటే తెలిసిన మర్యాద ఒకటే — గోడకు సున్నం. పెళ్లికైనా, గంగ జాతరకైనా, సున్నం, కింద కావి పట్టీ. ఈ ఒక్క విషయంలో రెండు పక్షాలూ కలిసిపోయాయి. రాతి గోడల మీద, స్తంభాల మీద, రాయిలో చెక్కిన ఊరి పేరు మీద... సున్నం. నిచ్చెన దేవరాజులే ఇచ్చాడు.

స్టేషన్ తెల్ల పంచె కట్టిన కొత్త అల్లుడిలా నిలబడింది.

అధికారి వచ్చాడు. చాలాసేపు చూశాడు. గోరుతో గీకాడు. తెల్లబడిన గోరు చూసుకున్నాడు.

"పాత స్టేషన్ ఎక్కడండీ?"

మా ఆయనకు దగ్గు వచ్చింది.

వనజాక్షి ముందుకొచ్చింది. చేతులకు గంజి ఇంకా ఆరలేదు.

"సారూ, మీరు దీన్ని పాతదని రాసుకుంటే, మమ్మల్ని ఈడ పడుగు సాచుకోనిస్తారా?"

"వీలుకాదమ్మా. చుట్టూ కంచె వేస్తారు. స్తంభాలకు తాళ్లు కట్టకూడదు."

"పడగొడితేనో?"

"నీకొక అంగడి ఇప్పిస్తాలే పాపా," అన్నాడు దేవరాజులు. "ఫ్యాను కింద కుచ్చోని చీరలమ్ముకో."

"పడుగు సాచను తావే లేకపోతే చీర యాడ్నుంచి వస్తాదన్నా? నీ ఫ్యానుకు కడతావా?"

నవ్వారు. మా ఆయన నవ్వలేదు. "వనజాక్షీ, ఇది మన చరిత్రమ్మా. నిలబడాల."

"నిలబడనీ మాస్టరూ. నన్ను యాడికి పొమ్మంటావు?"

ఆయన నా పళ్లెంలోంచి మజ్జిగ గ్లాసు అందుకున్నాడు.

చేతులెత్తమన్నారు. నిలబెట్టాలనేవాళ్లు... పడగొట్టాలనేవాళ్లు... మా ఆయన నావైపు చూశాడు. వనజాక్షి కూడా చూసింది. నా రెండు చేతుల్లో మజ్జిగ పళ్లెం. అంత బరువు అంత హాయిగా ఎన్నడూ అనిపించలేదు.

వనజాక్షి చెయ్యి రెండు సార్లూ లేవలేదు.

"గీకకండి, రాయి పాడవుతుంది," అన్నాడు అధికారి. "సున్నం దానంతటదే రాలనివ్వండి. రాయి బయటపడ్డాక వచ్చి తేలుస్తాను. అంతవరకూ ఉన్నది ఉన్నట్టే."

అలా ఊరి తగవు సున్నం చేతికి పోయింది.

మా ఆయన రోజూ సాయంత్రం వెళ్లి గోడ చూసి వస్తాడు. "ఆ మూల కొంచెం లేసినట్టుండాది," అంటాడు, గోంగూర మొలకెత్తినట్టు. దేవరాజులూ వెళ్లి చూస్తాడు. ఇద్దరికీ అది రాలాలి.

ఒక్కరికే రాలకూడదు.

కానీ రాలేది ఆమె తాళ్ల దగ్గరే. తడి తాడు స్తంభాన్ని ఒరుసుకుంటుంది. తెల్లటి పొడి దారాల మీద పడుతుంది. పడుగు సాచకపోతే మగ్గం ఆగుతుంది. సాచిన ప్రతి పొద్దూ కాస్త సున్నం రాలుతుంది... కాస్త రాయి కనబడుతుంది...

నిన్న పెరటి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, పాత చీర ఏమన్నా ఉండాదా?"

"ఎందుకే?"

"స్తంభానికి సుట్టను. తాడు ఒరుసుకోకుండా."

నవ్వబోయాను. ఆమె ముఖం చూసి మానుకున్నాను.

"వానలొస్తే సున్నం ఆగుతుందా?" అన్నాను. అనకూడని మాట.

"రానీలేక్కా. ఈ పడుగు కానీ ముందు."

మా ఆయన రిటైర్మెంటు సభకు కట్టిన చీర ఇచ్చాను. ఆయన గుర్తుపట్టడు. ఆ భయం లేదు.

ఈ పొద్దు —

గంజి వాసన. డికాక్షన్ మళ్లీ ఓడిపోయింది.

కిటికీలో ప్లాట్‌ఫారం. ఈ కొన నుంచి ఆ కొనదాకా తడి దారాలు. స్తంభం నడుముకు నా చీర, నాకంటే దానికే బాగుంది.

నగరి కొండల మీద మబ్బు.

వనజాక్షి ఒకసారి తలెత్తి చూసింది. మళ్లీ కుంచె ముంచింది.

ముందుకు... వెనక్కు... ముందుకు...